దానంగా ఇచ్చిన నీళ్లు ఎటు పోతున్నాయి?

(తాడిపత్రిలో జరిగిన వార్షిక సర్వసభ్య సమావేశంలో నీటి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మేము ఎన్ని బోర్లు వేయించామో, ఎండాకాలంలో ఎన్ని చలివేంద్రాలు పెట్టామో లెక్క చెప్పి కూర్చునేవాళ్లం. ఈసారి ఆ లెక్క ఈ సంచిక చివరి పేజీల్లో ఉంది, దయచేసి చూడండి. ఈ కాసేపు ఇంకో లెక్క చెప్పుకుందాం. మనం ఇచ్చిన నీళ్లు వాడుకున్నాక ఎక్కడికి పోతున్నాయి అన్నది ఆ లెక్క. ఇన్నేళ్లలో మేము దాన్ని అడగలేదు, మీరూ అడగలేదు. అడగనందుకు ఏం జరిగిందో ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట ఒక మొహల్లాలో మేము బోరు వేయించాం. దాతలలో ఒకరు చనిపోయిన తమ తండ్రిగారికి ఈసాలె సవాబ్‌గా దాని ఖర్చంతా భరించారు. శిలాఫలకం మీద తండ్రిగారి పేరు చెక్కించాం. దువా చేశాం, మిఠాయి పంచాం. నీళ్లు పుష్కలంగా పడ్డాయి. రెండేళ్లు గడిచాక ఆ వీధి నుంచి ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చి, "భాయ్, మీరిచ్చిన బోరు నీళ్లు వాసన వస్తాండాయి. బిడ్డలకు తాపమంటారా, వద్దంటారా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. నీళ్లను పరీక్షకు పంపితే నైట్రేటు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉందని తేలింది. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. నైట్రేటు ఎక్కువైన నీళ్లతో పాలు కలిపి తాపితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు, ఒళ్లు నీలమవుతుంది. కాచి చల్లార్చితే పోతుందనుకుంటాం. నైట్రేటు పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఆ నైట్రేటు ఎక్కడి నుంచి వచ్చింది? బోరు చుట్టూ ఉన్న ఇళ్ల మరుగుదొడ్ల గుంతల నుంచి. అవి పేరుకు సెప్టిక్ ట్యాంకులు, నిజానికి అడుగున బండ పరచని గుంతలు. మన ఊరి నేల సంగతి మీకు తెలుసు. పైన పలుచని మట్టి, కింద సున్నపురాయి, పలకరాయి. బండల గనుల్లో పనిచేసేవారిని అడిగితే రాయిలో పగుళ్లు ఎట్లా ఉంటాయో చెబుతారు. గుంతలో నిండిన మురుగు ఆ పగుళ్ల వెంట వడకట్టుకోకుండానే దిగిపోతుంది. బోరు వేసేముందు ఎంత లోతున నీళ్లు పడతాయని చూశామే గానీ, చుట్టూ ఎన్ని గుంతలున్నాయని చూడలేదు. తప్పు మాది. ఆ బోరుకు ఎర్ర రంగు పూసి తాగొద్దని రాయించాం.

ఇప్పుడు ఊరంతటి లెక్కకు వద్దాం. 2011 జనాభా లెక్కల నాటికే తాడిపత్రి లక్ష దాటిన పట్టణం. పైపుల ద్వారా నీరు, భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ నియమావళి చెబుతుంది. మనది కరువు సీమ కాబట్టి 100 లీటర్లే అనుకుందాం. వాడిన నీళ్లలో నూటికి 80 వంతులు మురుగుగా బయటికి వస్తాయని అదే నియమావళి లెక్క. అంటే లక్షమంది ఉన్న ఊరి నుంచి రోజుకు 80 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో నింపితే 1,600 ట్యాంకర్లు, ప్రతిరోజూ. ఎండాకాలంలో ఒక్క ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కొట్లాడుకునే ఊళ్లం మనవి.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అది కూడా సమయానికి పడితే. ఒక ఎకరం మీద ఏడాదంతా కురిసే ఆ వానను కొలిస్తే సుమారు 22 లక్షల లీటర్లు. మన మురుగు ఏడాదికి 292 కోట్ల లీటర్లు. దాదాపు 1,300 ఎకరాల మీద ఏడాది పొడుగునా కురిసే వానకు అది సమానం. వాన ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు మొగమే చూపదు. కరువు వచ్చినా, పండుగ వచ్చినా రోజూ వచ్చి తీరే నీరు ఈ సీమలో మురుగునీరు ఒక్కటే. శుద్ధి చేస్తే అది పంట, చేయకపోతే రోగం.

శుద్ధి చేయకుండా వదిలిన మురుగు మన గడప దాటగానే మాయమైపోదు. కొంత నేలలోకి దిగి బోర్లలోకి వస్తుంది. మిగిలింది పల్లం వెతుక్కుంటూ పెన్న వైపు పోతుంది. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న మన ఊరు దాటాక గండికోట, మైలవరం జలాశయాల గుండా నెల్లూరు వైపు పోతుంది. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడుతుంది గానీ ఆ ఇసుక కింద ఊట ఉంటుంది. వరద వచ్చిన రోజు ఆ ఒడ్డున పోగుపడిందంతా కింది ఊళ్లవారి ముంగిటికి చేరుతుంది. పొరుగువాడు ఆకలితో ఉండగా కడుపునిండా తినకూడదని చిన్నప్పటి నుంచి విన్నాం. పొరుగువాడి నీళ్లలోకి మన మురుగు వదలడం గురించి ఎవరైనా మాట్లాడారా?

శుద్ధి అంటే ఏమిటో మన ఊరివాళ్లకు చెప్పడం తేలిక. బండల పాలిష్ యంత్రాలు నడిపేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. యంత్రం కింద పాలలాగా పారే నీళ్లను మీరు తొట్టిలో నిలబెడతారు. రాతిపొడి అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లను మళ్లీ యంత్రానికి పెడతారు. మురుగు శుద్ధి కేంద్రంలో మొదటి పని ఇదే. ముందు జాలీతో గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు ఆపుతారు. తర్వాత ఇసుక దిగనిస్తారు. తర్వాత పెద్ద తొట్లలో మడ్డి దిగనిస్తారు.

అయితే తేరిన నీరంతా శుభ్రమైన నీరు కాదు. పాలిష్ నీళ్లలో ఉన్నది రాయి, మురుగులో ఉన్నది కుళ్లే పదార్థం, రోగక్రిములు. కుళ్లే పదార్థాన్ని తినే సూక్ష్మజీవులను అల్లాహ్ ఆ నీళ్లలోనే పుట్టించాడు. వాటికి గాలి కావాలి. అందుకే రెండో దశలో యంత్రాలతో నీళ్లలోకి గాలి ఊదుతారు. అవి తిని, పెరిగి, బరువెక్కి అడుక్కి దిగుతాయి. పైన మిగిలిన నీళ్లకు క్లోరిన్ కలుపుతారు. అడుగున దిగిన మడ్డిని ఎండబెడతారు. నీళ్లలో కుళ్లే పదార్థం ఎంత మిగిలిందో బీఓడీ అనే కొలతతో చూస్తారు. పచ్చి మురుగులో అది లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైమాటే. మెట్రోలు కాని ఊళ్లకు దాన్ని 30కి తగ్గించాలని కేంద్రం 2017లో ప్రకటించిన ప్రమాణం.

కరెంటు ఖర్చు భరించలేని చోట ఇంకో దారి ఉంది. వరసగా చెరువుల్లాంటి మడుగులు తవ్వి మురుగును ఒకదాని నుంచి ఒకదానిలోకి నిదానంగా నడిపిస్తారు. నాచు గాలినిస్తుంది, ఎండ క్రిములను చంపుతుంది. రోజులు పడుతుంది, స్థలం ఎక్కువ కావాలి, కరెంటు మాత్రం దాదాపు అక్కర్లేదు. మన ఊళ్లో ఎండకు కొదవ లేదు కదా!

ఇక్కడ కొందరి మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. నజాసత్ కలిసిన నీరు మళ్లీ పాక్ అవుతుందా? ఆ నీళ్లతో పండిన కూరగాయ తినవచ్చా? ఇది అడగదగిన ప్రశ్నే. 1978లో సౌదీ అరేబియాలోని సీనియర్ ఉలమాల మండలి నిపుణుల నివేదికలు తెప్పించుకుని దీన్ని చర్చించింది. రంగు, రుచి, వాసనల్లో మలినం జాడ ఏమీ మిగలకుండా పూర్తిగా శుద్ధి అయితే ఆ నీరు పాక్ అవుతుందని, ఆరోగ్యానికి హాని లేనప్పుడు శుచికి కూడా వాడవచ్చని తీర్పునిచ్చింది. తాగడానికి మాత్రం వాడకపోవడమే మేలని చెప్పింది. మనం అంత దూరం పోవడం లేదు. చెట్లకు, పశుగ్రాసానికి, పొలానికి వాడుకుందామనే అంటున్నాం. పచ్చిగా తినే కూరలకు పెట్టాలంటే మాత్రం జాగ్రత్త అవసరం. అలాంటి నీళ్లలో 100 మిల్లీలీటర్లకు మలక్రిములు వెయ్యి దాటకూడదని, నులిపురుగు గుడ్లు లీటరుకు ఒకటి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో హద్దు పెట్టింది.

ఈ పని చేసి చూపినవాళ్లు ఉన్నారు. మనకంటే ఎండిన దేశం జోర్డాన్. అమ్మాన్, జర్ఖా నగరాల మురుగును 2008లో ప్రారంభమైన అస్సమ్రా కేంద్రంలో శుద్ధి చేసి, కింగ్ తలాల్ డ్యాముకు చేర్చి, అక్కడ వాన నీటితో కలిపి జోర్డాన్ లోయలోని పొలాలకు ఇస్తున్నారు. అంత దూరం ఎందుకు, తెలుగు మాట్లాడేవాళ్లు నిండుగా ఉన్న కోలారు మన పక్కనే ఉంది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి రోజుకు 440 మిలియన్ లీటర్ల దాకా ఎత్తిపోసి, ఆ జిల్లాలోని 126 చెరువులు నింపే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లోకి నీళ్లు వచ్చాయి. అదే ఏడాది మొదటి చెరువైన లక్ష్మీసాగరలో నురగ తేలింది. జనం భయపడ్డారు. హైకోర్టు కొన్నాళ్లు నీళ్లు ఆపించింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని అక్కడి ఉద్యమకారులు ఇప్పటికీ అడుగుతున్నారు. కోలారు నుంచి మనం రెండూ నేర్చుకోవాలి. మురుగు చెరువును నింపగలదు. కానీ ప్రతి నెలా పరీక్ష చేసి ఫలితం జనం ముందు పెట్టకపోతే ఆ చెరువును ఎవరూ నమ్మరు.

అసలు చిక్కు ఎక్కడుందో ఒక లెక్క చెబుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంది. కట్టిన కేంద్రాల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. అంటే కట్టిన వాటిలో కూడా మూడో వంతుకు పైగా సామర్థ్యం ఊరకే ఉంది. చాలాచోట్ల కారణం ఒకటే. కట్టడానికి నిధులు వస్తాయి, శంకుస్థాపనకు పెద్దలు వస్తారు. కరెంటు బిల్లుకు, కాలిపోయిన మోటారుకు, రాత్రి డ్యూటీ మనిషి జీతానికి నిధి ఉండదు. కొన్నిచోట్ల కేంద్రం ఉంటుంది, దాకా మురుగు తెచ్చే పైపు ఉండదు. వీధిలో పైపు ఉంటుంది, ఇంట్లోని మరుగుదొడ్డి దానికి కలవదు. కలపడానికయ్యే కొద్దిపాటి ఖర్చు కూలి చేసుకునే ఇంటికి పెద్ద ఖర్చే.

ప్రభుత్వాలను అనేముందు మన ఇల్లు చూసుకుందాం. మన సంస్థకు కొత్త బోరు వేయించే దాత దొరకని ఏడాది లేదు. పాత బోరు మోటారు బాగుచేయించే దాత కోసం మాత్రం మేము నెలల తరబడి తిరిగాం. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా హాజీల కోసం మక్కాకు నీటి కాలువ తవ్వించిన సంగతి మనందరికీ తెలుసు. ఆ కాలువ పూడిపోయి హాజీలు నీళ్లకు కటకటలాడినప్పుడు, 16వ శతాబ్దంలో ఉస్మానియా సుల్తాను సులేమాన్ కుమార్తె మెహ్రిమా సుల్తాన్ తన సొంత ధనంతో బాగుచేయించే పనికి పూనుకుంది. ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు? కట్టినవారితో పాటు ఇలా బాగుచేయించినవారు కూడా ఉన్నందువల్లే ఆ కాలువ అన్ని శతాబ్దాలు హాజీల దప్పిక తీర్చింది. సదఖయె జారియా అంటే ఆగకుండా పారే దానం. పారాలంటే దాన్ని చూసుకునేవారు ఉండాలి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేం. గుంత నిండితే మనం ఒక మనిషిని పిలుస్తాం. అతడు లోపలికి దిగుతాడు. లోపల విషవాయువు ఉంటుంది, రెండు నిమిషాల్లో మనిషి పడిపోతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనిషిని గుంతలోకి, మురుగు కాలువలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అలా చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచింది. చట్టం సంగతి అట్లుంచి, మన శుభ్రత కోసం ఇంకొకరి బిడ్డను చావుగుంతలోకి దింపి మనం ఏ పాకీ గురించి మాట్లాడగలం? మన సంస్థ చేతిలో ఉన్న ఏ మస్జిద్‌లో, మదరసాలో, షాదీఖానాలో గుంత నిండినా యంత్రం వాహనమే రావాలి. ఆలస్యమైతే ఆలస్యం కానివ్వండి.

ఇప్పుడు మా ఉపసంఘం మీ ముందు పెడుతున్న ప్రతిపాదనలు వినండి.

ఒకటి. ఈ ఏడాది నీటి నిధిలో సగం కొత్త బోర్లకు కాకుండా, పేద ఇళ్ల మరుగుదొడ్లను వీధి పైపుకు కలపడానికి, పైపు లేని చోట అడుగు, గోడలు సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకులకు వాడదాం. ఆ వీధిలో ఎవరి ఇల్లు, ఏ మతం అని అడగం. గుంత ఎవరిదైనా కింద ఉన్న నీరు ఒక్కటే. ఇది సదఖా, లిల్లాహ్ నిధుల నుంచే. జకాత్ సొమ్ము హక్కుదారులది, దాన్ని ఇందులో కలపం.

రెండు. బోరు వేసేముందు చుట్టూ ఉన్న గుంతల పటం గీస్తాం. వేసిన ప్రతి బోరు నీటినీ ఏటా పరీక్ష చేయించి ఫలితం అక్కడే రాయిస్తాం.

మూడు. మన మస్జిదుల్లో వజూ నీళ్లను మరుగుదొడ్ల పైపులో కలపడం ఆపుదాం. ఒకరి వజూకు నాలుగు లీటర్లు, పూటకు రెండు వందల మంది అనుకుంటే, ఐదు పూటలకు 4,000 లీటర్లు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం వజూలో వాడిన నీరు పాక్, దానితో మళ్లీ వజూ మాత్రం చేయకూడదు. చెట్లకు పోయడానికి అడ్డేమీ లేదు. వేరే పైపు వేసి, చిన్న ఇసుక తొట్టి గుండా మస్జిద్ ఆవరణలోని వేప, కానుగ చెట్లకు మళ్లిద్దాం. పారే నది ఒడ్డున ఉన్నా వజూలో నీరు వృథా చేయవద్దని మన ప్రవక్త (సఅసం) నేర్పారు. మనకు ఆ నది కూడా లేదు.

నాలుగు. నిర్వహణ నిధి ఒకటి మొదలుపెడదాం. నెల నెలా ఎవరికి తోచింది వారు. దీనికి శిలాఫలకం ఉండదు, సభలో పేరు చదవడం ఉండదు. మోటార్లు, పైపులు, పరీక్షలు, ట్యాంకుల మడ్డి తీయించడం దీంతోనే.

ఐదు. ఊరి మురుగంతా మన శక్తికి లొంగే పని కాదు, అది మునిసిపాలిటీ బాధ్యత. కానీ అడిగేవాళ్లుంటేనే ఆ పని జరుగుతుంది. ఊళ్లోని ఇతర సంఘాలతో కలిసి వెళ్లి రెండే కోరదాం. శుద్ధి అయిన నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ నీళ్లు ఏ రైతులకు, ఏ చెట్లకు పోతున్నాయో చెప్పాలి.

చివరిగా, ఆ ఎర్ర రంగు పూసిన బోరు సంగతి. దాతగారికి విషయం చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఎట్లాగో చెప్పాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అబ్బాజాన్‌కు సవాబ్ ఆగిపోయినట్టేనా?" అని అడిగారు. నియ్యత్ చూసేవాడు అల్లాహ్, దానికి మేము జవాబు చెప్పలేమన్నాం. మరుసటి వారం ఆయనే ఆఫీసుకు వచ్చి, ఆ బోరు చుట్టూ ఉన్న ఇళ్ల గుంతలు మూయించి మరుగుదొడ్లను పైపుకు కలపడానికయ్యే ఖర్చు ఇచ్చారు. ఆ శిలాఫలకం తీసేయమన్నారు, నీళ్లు బాగయ్యాక మళ్లీ పెడదామన్నారు.

ఆ ఇళ్ల పని పూర్తయింది, అల్‌హందులిల్లాహ్. నేలలోకి దిగింది కడుక్కుపోవడానికి మంచి వానలు, కొన్నేళ్లు కావాలి. మొన్నటి పరీక్షలో నైట్రేటు కొంచెం తగ్గింది. తాగే హద్దులోకి ఇంకా రాలేదు. ఆ పలక ఇప్పుడు మా ఆఫీసు బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. ఏటా పరీక్ష చేయిస్తాం, ఫలితం ఈ సభలోనే చెబుతాం. ఆ తల్లి వచ్చి బిడ్డలకు తాపవచ్చా అని మళ్లీ అడిగిన రోజు, తాపమ్మా అని చెప్పగలిగేలా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.